పార్టీ ఇచ్చిందెవరు?

మా తిరుపతి, చిత్తూరు వైపు 'పార్టీ' అన్న మాటకు ఒక ప్రత్యేకమైన వ్యాకరణం ఉంది. పార్టీ తనంతట తాను జరగదు. ఒకరు 'ఇవ్వాలి', మిగిలినవారు పుచ్చుకోవాలి. దానక్రియ ఉన్నచోట సంస్కృతంవారు చతుర్థీ విభక్తి విధించినట్టు, ఈ మాట వినబడిన చోట దాతా, గ్రహీతలూ విడివిడిగా ఉండి తీరాలి. ఉద్యోగం వచ్చినవాడు రానివాళ్ళకిస్తాడు. పెళ్ళి కుదిరినవాడు కుదరనివాళ్ళకిస్తాడు. సప్లిమెంటరీలో గట్టెక్కినవాడు ఇంకా నీళ్ళు తాగుతున్నవాళ్ళకిస్తాడు. "పార్టీ ఎప్పుడ్నా?" అన్న ప్రశ్నలో అభినందన ఎంతుందో బాకీ వసూలూ అంతే ఉంది. ఇన్నాళ్ళూ నీ టీ డబ్బులు మేమిచ్చాం, ఇప్పుడు నువ్వు ఒడ్డెక్కావు, లెక్క సరిచూసుకుని మరీ పో అని దాని తాత్పర్యం. ఇవ్వకుండా ఊరు దాటినవాణ్ణి ఇరవయ్యేళ్ళ తర్వాత తలుచుకునేటప్పుడు కూడా ముందు ఆ సంగతే చెబుతారు, వాడు కలెక్టరైనా సరే.

ఈ వ్యాకరణం ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈ మధ్య వరసగా కొన్ని సినిమాలు మళ్ళీ చూశాను. డిగ్రీ చేతికొచ్చి, ఏం చెయ్యాలో తోచక, ముగ్గురో నలుగురో మిత్రులు తాగి, తిరిగి, తిట్టుకుని, మళ్ళీ కలిసిపోయే హాస్యచిత్రాలు. చూసి బయటికొచ్చేటప్పుడు 'ఆ రోజులే వేరు' అని ప్రేక్షకుడు నిట్టూర్చాలి, ఆ రోజులు తనకు లేకపోయినా సరే. తెలుగులో ఈ కోవకు పతాకం తరుణ్ భాస్కర్ తీసిన 'ఈ నగరానికి ఏమైంది'. 2018 జూన్‌లో వచ్చింది. సినిమాహాళ్ళలో ఆట మొదలవక ముందు వేసే పొగాకు వ్యతిరేక ప్రకటనను అందరూ కంఠతా పట్టారు కనుక, అందులోని మొదటి వాక్యమే పేరైపోయింది. సరిగ్గా అయిదేళ్ళకు, 2023లో, మళ్ళీ విడుదల చేస్తే కుర్రకారు సంభాషణలన్నీ తెర కన్నా ముందే అప్పజెబుతూ పండగ చేసుకున్నారు. ఏ హిట్టు చిత్రానికైనా అభిమానులుంటారు. ఒక వ్యాపకం లేనితనానికే ఇంతమంది అభిమానులుండటం మాత్రం ఆలోచించదగిన విషయం.

ఆ సినిమా నాకు నచ్చింది, ముందుగానే చెప్పేస్తున్నాను. అందులో ఆ నలుగురి భాష నిజమైనది, వాళ్ళ మౌనం అంతకన్నా నిజమైనది. ఒకడు డబ్బింగు చెప్పుకుంటాడు, ఒకడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసుకుంటాడు, ఒకడు తియ్యని సినిమాను తలుచుకుని తాగుతాడు. నాలుగోవాడు క్లబ్బులో మేనేజరు, యజమాని కూతురితో పెళ్ళి కుదిరింది. పార్టీ ఇచ్చేవాడు ఎవరయ్యా అంటే ఈ నాలుగోవాడే. చూశారా, వ్యాకరణం తప్పలేదు! ఒడ్డెక్కబోతున్నవాడే ఇచ్చాడు. ఆ మత్తులోనే గోవా చేరతారు. దర్శకుడు తెలిసి చేశాడో తెలియక చేశాడో గాని, కథకు మూలమైన ఆ ఒక్క సంగతి దగ్గర నిజాయితీగానే ఉన్నాడు. నా పేచీ ఆ సినిమాతో కాదు, దాని వెనకాల పుట్టిన వాతావరణంతో. ఖాళీగా ఉండటం ఒక యౌవనశోభ అనీ, అదొక తీపి జ్ఞాపకంగా మారి తీరుతుందనీ ఈ సినిమాలు మనకు నేర్పుతున్నాయి. ఆ జ్ఞాపకం ఎవరికి తీపి, దాని బిల్లు ఎవరు కట్టారు అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు.

మొదట్నుంచీ ఇలాగే ఉందా అంటే, లేదు. 1981లో బాలచందర్ 'ఆకలి రాజ్యం' వచ్చింది. ముందు సంవత్సరమే తమిళంలో 'వరుమైయిన్ నిరం సివప్పు'గా వచ్చిన కథ. తమిళ సినిమాలు నేరుగా ఆడే మా జిల్లాలో రెండూ చూసి, ఏది మేలని వాదించుకున్నవాళ్ళున్నారు. తమిళంలో నాయకుడు భారతిని వల్లిస్తాడు, తెలుగులో శ్రీశ్రీని వల్లిస్తాడు. ఇద్దరికీ ఢిల్లీలో ఉద్యోగం దొరకదు. గదిలో ముగ్గురు చదువుకున్న కుర్రాళ్ళు, పొయ్యిలో పిల్లి. అమ్మాయి ముందు పరువు పోకూడదని ఏమీ లేని చోట భోంచేస్తున్నట్టు నటించే ఘట్టం చూసి హాలంతా నవ్వుతుంది, ఆ నవ్వు గొంతులో దిగదు. అక్కడ బిల్లు అన్న ప్రశ్నే లేదు, ఎందుకంటే వడ్డించిందేమీ లేదు. చివరికి నాయకుడు మంగలి పని చేసుకుని బతుకుతాడు. ఆ సినిమా చూసి 'ఆ రోజులే వేరు' అన్నవాణ్ణి నేను ఎరగను.

పన్నెండేళ్ళ తర్వాత, 1993లో, 'మనీ'. శివనాగేశ్వరరావు దర్శకుడు, రాంగోపాల్ వర్మ నిర్మాత. ఇద్దరు నిరుద్యోగులు డబ్బు కోసం ఒకావిడను ఎత్తుకుపోతే, ఆవిడ భర్త అదే పదివేలు అనుకుంటాడు. ఇది పూర్తి హాస్యం. అయినా కథ నడిచేది చేతిలో డబ్బు లేకపోవడం మీదే, పేరులోనే ఉంది. అప్పటికి ఆకలి పోయి అవసరం మిగిలింది.

శేఖర్ కమ్ముల 'డాలర్ డ్రీమ్స్' 2000లో, 'హ్యాపీ డేస్' 2007లో వచ్చాయి. మొదటిదాంట్లో కుర్రాళ్ళు అమెరికా వెళ్ళాలా వద్దా అని కొట్టుమిట్టాడతారు. రెండోదాంట్లో ఇంజనీరింగు నాలుగేళ్ళు గడుపుతారు. నా దృష్టిలో తెలుగు సినిమాలో ఈ జ్ఞాపకాల వ్యాపారం సరిగ్గా మొదలైంది 'హ్యాపీ డేస్'తోనే. చదువు ఇంకా పూర్తి కానివాళ్ళు కూడా, అంటే మర్నాడు పొద్దున మళ్ళీ అదే కాలేజీకి వెళ్ళవలసినవాళ్ళు కూడా, ఆ చదువును తలుచుకుని కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడు సాఫ్ట్‌వేరు వెలుగుతోంది. మరుసటి ఏడాది ప్రపంచమంతా మాంద్యం వచ్చింది. అదే కాలంలో మన రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు దాదాపు 700 అయ్యాయి. దాంతో ఇంట్లో మొదటి పట్టభద్రుడు అన్న గౌరవం, వీధిలో నలభయ్యో పట్టభద్రుడు అన్న వెక్కిరింత ఒకే మనిషికి ఒకేసారి దక్కాయి. 'బీటెక్' అన్నది పట్టం కాస్తా హాస్యప్రత్యయం అయింది. తమిళం నుంచి 2015లో మనకొచ్చిన 'రఘువరన్ బీటెక్', 2016లో 'పెళ్ళి చూపులు', 2021లో 'జాతిరత్నాలు', అన్నిటా బీటెక్ అనగానే హాలు నవ్వుతుంది. ఆ నవ్వేవాళ్ళలో సగంమంది బీటెక్కులే.

ఇలాంటి కుర్రాళ్ళను మనం 'బేవార్సు' అంటాం. ఉర్దూలో 'బే వారిస్', అంటే హక్కుదారు లేనిది, దిక్కు లేనిది. తెరమీద బేవార్సులకు మాత్రం అన్ని దిక్కులూ ఉంటాయి. 'జాతిరత్నాలు'లో జోగిపేట నుంచి హైదరాబాదుకు బయల్దేరిన కథానాయకుడికి, కాదనుకున్నా సరే, తండ్రి నడిపే లేడీస్ ఎంపోరియం ఉంది. తిరిగి వస్తే కూర్చోవడానికి ఒక గల్లాపెట్టె ఉన్నవాడి తిరుగుడు వేరు, లేనివాడి తిరుగుడు వేరు. మొదటిది విహారం. రెండోదానికి మన సినిమావాళ్ళు ఇంకా పేరు పెట్టలేదు.

ఈ రకం సినిమాలకు ఆదిపర్వం అనదగ్గది ఇటలీలో ఉంది. 1953లో ఫెలీని తీసిన 'ఇ విటెల్లోని'. ఆ పేరుకు అటూఇటుగా 'ఎదిగిన దూడలు' అని అర్థం చెప్పుకోవచ్చు, మనవాళ్ళు 'దున్నపోతులా పెరిగావు' అని ముద్దుగా తిట్టినట్టు. సముద్రం ఒడ్డున చిన్న ఊరు, అయిదుగురు సోమరి యువకులు, పనిలేదు, పొద్దుపోదు. ఆల్బెర్తో అనేవాడు తెగ నవ్విస్తాడు. వాడికి జేబుఖర్చులు ఎక్కణ్ణుంచి వస్తాయంటే, ఇంట్లో ఒక అక్క ఉంది, ఆమె పనిచేస్తుంది, వీడు ఆమె దగ్గర చేబదులు తీసుకుంటాడు. ఉత్సవం రాత్రంతా తాగి తందనాలాడి తెల్లవారి ఇంటికొచ్చేసరికి ఆమె తన దారి తాను చూసుకుని ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. ఇంకనుంచి నేనే ఉద్యోగం చూసుకుంటానని వాడు తల్లితో అంటాడు, అంటూనే కునుకు తీస్తాడు. బిల్లు కట్టిన మనిషిని ఫెలీని అలా ఒక్క నిమిషం తెరమీద నిలబెట్టాడు. ఆ ఒక్క నిమిషం వల్లనే అంతకుముందు మనం నవ్విన నవ్వంతా తూకానికొస్తుంది.

ఆ సినిమా చివర అయిదుగురిలో ఒక్కడు రైలెక్కి ఊరు విడిచిపోతాడు. ఫెలీని కూడా తన రిమినీ పట్టణం నుంచి అలా రోముకు పోయినవాడే. గతం మీద బెంగ పెట్టుకునే హక్కు రైలెక్కినవాడికే దక్కుతుంది. ప్లాట్‌ఫారం మీద మిగిలిన నలుగురికి అది గతం కాదు, రేపటి దినచర్య. మన సినిమాలు చేసే మోసం, పెద్ద మాటే గాని వాడక తప్పదు, ఇక్కడుంది. రైలెక్కినవాడు తీసిన సినిమాను ప్లాట్‌ఫారం మీదివాడికి చూపించి, ఇది నీ కథే అని నమ్మిస్తున్నాయి.

మా ప్లాట్‌ఫారం సంగతి చెబుతాను. తిరుపతి ప్రధానంగా యాత్రికుల ఊరని బయటివాళ్ళు అనుకుంటారు. అందులో ఉండేవాళ్ళకు అది విద్యార్థుల ఊరు కూడా. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. దేవస్థానం కాలేజీలు అంతకుముందే ఉన్నాయి. 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. పీలేరు, పుంగనూరు, పలమనేరు, సత్యవేడు, మదనపల్లె, ఇటు రాజంపేట, కోడూరు, అన్ని వైపుల నుంచీ చదువుకోవడానికి ఇక్కడికే వస్తారు. చదువు అయిపోయాక ఏమవుతారు? కొందరు సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసుకు, కొందరు చిత్తూరు మీదుగా బెంగుళూరు బస్సెక్కి పోతారు. మిగిలినవాళ్ళు బాలాజీ కాలనీలోనో, భవానీ నగర్‌లోనో ఒక గది తీసుకుని, ఇంటికి ఫోను చేసి, "ప్రిపేరవతా ఉండా" అంటారు.

ఈ 'ప్రిపేరవడం' అన్న మాటకున్న మహత్తు చెప్పనలవి కాదు. ఊళ్ళో పెద్దవాళ్ళు "ఏం చేస్తా ఉండావు నాయనా?" అని అడిగితే దానికి మర్యాదగల సమాధానం ఇదొక్కటే. గ్రూప్ వన్‌కు ప్రిపేరవుతున్నవాడు ఖాళీగా ఉన్నవాడు కాదు. వాడికి పెళ్ళి సంబంధాలు కూడా వస్తాయి. ప్రిపేరవడం ఆపేసిన మరుక్షణం వాడు నిరుద్యోగి. కనుక ఎవ్వరూ ఆపరు. మా గదిలో నలుగురం ఉండేవాళ్ళం, 1990ల చివర్లో. వాటాలు వేసుకుని బియ్యం తెచ్చుకునేవాళ్ళం. నెలాఖరులో బియ్యం డబ్బా అడుగు కనబడితే ఎవరో ఒకరు "కొండకు పోదామా" అనేవాళ్ళు. మా భక్తి నెలాఖరుల్లో ఎక్కువగా ఉండేది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కితే పైన నిత్యాన్నదానం, 1985 నుంచీ ఉంది. అరిటాకు ముందు కూర్చున్నవాణ్ణి నువ్వేం చేస్తున్నావని ఎవరూ అడగరు. పక్కన కోటీశ్వరుడు కూర్చున్నాడో, మరో గ్రూప్ టూ అభ్యర్థి కూర్చున్నాడో తెలిసేది కాదు. 'ఆకలి రాజ్యం' ఢిల్లీలో కనుక అలా నడిచింది. తిరుపతిలో అయితే రెండో రీలుకే ముగ్గురూ కొండెక్కేసేవాళ్ళు.

హాస్యం లేదా అంటే, కావలసినంత ఉంది. ఒక ప్రశ్నకు సరైన జవాబు ఏదని రాత్రి రెండింటి దాకా కొట్టుకున్నవాళ్ళు, పొద్దున్నే ఆ ప్రశ్నాపత్రమే రద్దయిందని విని కౌగిలించుకోవడం నేను చూశాను. మన పరీక్షల చరిత్రే ఒక ప్రహసనం. 2011లో ప్రకటన వచ్చిన గ్రూప్ వన్‌కు, కోర్టుల మెట్లన్నీ ఎక్కి దిగాక, ప్రధాన పరీక్ష 2016లో మళ్ళీ రాయవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నాటి డీఎస్సీ తర్వాత మళ్ళీ పూర్తిగా ఒడ్డున పడ్డది 2025లో, 16,347 పోస్టులతో. మధ్యలో పోయిన ఏడేళ్ళు ఎవరి ఖాతాలో వెయ్యాలి?

వీటన్నిటికీ తలమానికం 1998 డీఎస్సీ. అర్హత సాధించి, వివాదాల్లో చిక్కి ఉద్యోగం రానివాళ్ళు వేలమంది. వాళ్ళను కాంట్రాక్టు పద్ధతిలో, మినిమం టైం స్కేలు మీద తీసుకోవడానికి ప్రభుత్వం ఒప్పుకున్నది 2022లో. ఇరవై నాలుగేళ్ళు! అప్పటికి చాలామంది యాభై దాటారు. కొందరు పదవీవిరమణ వయసుకే దగ్గరపడ్డారు. మా గదిలో పెద్దాయన ఒకరు ఆ జాబితాలో ఉన్నారు. నియామకం వచ్చాక మేము మొహమాటం లేకుండా అడిగేశాం, "అన్నా, పార్టీ?" అని. ఇచ్చాడు. ఒక హోటల్లో మధ్యాహ్నం భోజనం. ఒకరికి చక్కెర, ఒకరికి రక్తపోటు, ఒకరు శనివారం ఒక్కపొద్దు. ఆయన తన బడి గురించి ఉత్సాహంగా చెబుతూ, తనకన్నా చిన్నవాడైన హెడ్మాస్టరును 'సార్' అనడం ఇంకా అలవాటు కాలేదన్నాడు. బిల్లు వచ్చినప్పుడు మేము జేబులో చెయ్యి పెడితే కోప్పడ్డాడు. ఇరవై నాలుగేళ్ళ బాకీ అన్నాడు.

ఆ భోజనంలో మేము నవ్వినంతగా ఏ సినిమాలోనూ నవ్వలేదు. కానీ ఆ రోజుల మీద మాలో ఎవరికీ బెంగ కలగలేదు. ఎంత ప్రయత్నించినా ఆ గది అందంగా గుర్తు రాలేదు.

ఇటువంటి హాస్యానికి తెరమీద మా ప్రాంతం పనికిరాదని సినిమావాళ్ళ గట్టి నమ్మకం. 1999లో 'సమరసింహారెడ్డి' విజయం తర్వాత రాయలసీమ కుర్రాడంటే కొడవలి పట్టవలసిందే. తిరుపతి, చిత్తూరు వైపు మేము కత్తులు చూసింది కసాయి అంగళ్ళలో, పనసకాయలు కోసేచోట. మా యాస 2021లో 'పుష్ప'తో దేశమంతా వినబడింది, సంతోషమే. అయితే అది ఎర్రచందనం స్మగ్లరు నోట వినబడింది. ఆ యాసలో నామిని సుబ్రమణ్యం నాయుడు 'మిట్టూరోడి కతలు', 'సినబ్బ కతలు' రాసి ఎప్పుడో నవ్వించాడు. దరిద్రాన్ని దాచకుండా, ముద్దు చెయ్యకుండా నవ్వించవచ్చునని చూపించాడు. తిరుపతి గంగ జాతరలో వేషం కట్టిన మగవాళ్ళు వీధుల వెంట బూతులు తిడుతూ తిరుగుతుంటే ఊరంతా నవ్వుతుంది. నవ్వుకు మా దగ్గర కొదవా? ఆ నవ్వులో డిగ్రీ చదివి గదిలో కూర్చున్నవాడి వంతు మాత్రం ఇంకా రాలేదు.

మగవాడి వంతే రాలేదు, ఇక ఆడవాళ్ళ మాటేమిటి? ఈ సినిమాలన్నిటిలో ఖాళీగా ఉండే హక్కు మగపిల్లలకే ఉంది. 'పెళ్ళి చూపులు' చూడండి. అబ్బాయి అతికష్టం మీద ఇంజనీరింగు గట్టెక్కి, సోఫాలో మిత్రులతో పడుంటాడు, వంట చేసుకుంటూ కలలు కంటాడు. అమ్మాయి వ్యాపారానికి లెక్కలు వేస్తుంది, విదేశాలకు దారి వెతుకుతుంది, పైగా అతణ్ణి మనిషిని చేసే బాధ్యత కూడా నెత్తిన వేసుకుంటుంది. మంచి సినిమా, జాతీయ పురస్కారానికి అర్హమైనదే. అయినా ఆ అమ్మాయికి ఒక సోఫా, ముగ్గురు పనిలేని స్నేహితురాళ్ళు ఎందుకు లేరు? శేఖర్ కమ్ముల 'గోదావరి'లో సీత ఒక్కతే గుర్తొస్తుంది, దుకాణం సాగక, పెళ్ళి చూపులకు కూర్చోలేక పడవెక్కిన పిల్ల. ఆమె కూడా ఒంటరిగానే ఎక్కింది.

నిజానికి ఆడపిల్ల చదువు అయిపోయాక ఖాళీగా ఉండే కాలానికి మన భాషలో వేరే పేరుంది, 'సంబంధాలు చూస్తా ఉండాం' అని. ఆమె కూడా ప్రిపేరవుతూనే ఉంటుంది, కానీ తమ్ముడు ప్రిపేరవుతున్నాడంటే ఇంట్లో టీవీ శబ్దం తగ్గిస్తారు, అక్క ప్రిపేరవుతోందంటే "పప్పు పొయ్యిమీద పెట్టి చదువుకో" అంటారు. ఆల్బెర్తో అక్కలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. ట్యూషన్లు చెప్పి, ప్రైవేటు బళ్ళలో పనిచేసి, తమ్ముడి గది అద్దె పంపినవాళ్ళు. మన నలుగురు మిత్రుల సినిమాల్లో ఆ డబ్బుతోనే మొదటి పాట నడుస్తుంది, ఆమె మాత్రం కనబడదు.

కిందటేడు ఒకరోజు పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం వైపు నుంచి వచ్చే బస్సులో నా ముందు సీట్లలో నలుగురు అమ్మాయిలు కూర్చున్నారు. పీజీ అయిపోతోంది కాబోలు, చేతుల్లో ప్రాజెక్టు రికార్డులున్నాయి. ఒకామెకు పెళ్ళి కుదిరిందట. మిగతా ముగ్గురూ మామూలుగానే మొదలుపెట్టారు, పార్టీ ఎప్పుడే, యాడ ఇస్తావే అని. ఆ పిల్ల కాసేపు కిటికీలోంచి చూసి, "నేనెందుకియ్యాల? చదువు మానుకునేది నేను, ఊరు వదిలిపొయ్యేది నేను. మీరే నాకియ్యాల పార్టీ" అంది. ఒక్క క్షణం ముగ్గురూ మాట్లాడలేదు. తర్వాత ఒకామె పకపకా నవ్వి పర్సు తెరిచింది. బస్టాండు దగ్గర దిగి, చిల్లర లెక్కపెట్టుకుంటూ, జ్యూసు అంగడి వైపు నడిచారు.